పడటం తెలుసు

రోకిష్కిస్ బడి జిమ్‌లో ఫిబ్రవరి.
హీటర్ ఒక్క మూలనే పనిచేస్తుంది.
ఆ మూలని పిల్లల తల్లులకి వదిలేసి
అవతలి గోడకి ఆనుకుని కూర్చున్నాను
కోటు విప్పకుండా, కలం మూత పళ్ల మధ్య పట్టుకుని.

నన్ను పంపిన క్లబ్బుకి కావలసింది అంకెలు.
సరే, అంకెలే:
బూట్లు లేకుండా ఏడడుగుల ఒక అంగుళం,
చేతులు బార చాపితే ఏడున్నర,
వయసు పదిహేడేళ్ల నాలుగు నెలలు.
బరువు, కోచ్ చెప్పింది వంద కిలోలు,
నా కన్ను చెప్పింది తొంభై రెండు.
మిగిలిన ఎనిమిదీ కోచ్ రిమ్గౌదాస్ ఆశ.

మొదటి క్వార్టర్‌లో ఔరిమస్ నాకు నచ్చలేదు.
అందిన బంతిని రెండుసార్లు నడుం దాకా దించాడు.
వాడి మోచేతి ఎత్తు లేని బుడతడొకడు వచ్చి
రాలిన ఆపిల్ పండుని ఏరుకున్నట్టు
ఏరుకుపోయాడు.
స్క్రీన్ పెట్టి పక్కకి తిరగాలంటే
మెట్ల మీద బీరువా తిప్పినంత ఆలస్యం.
రాసుకున్నాను:
"కుడి భుజం మీదుగానే తిరుగుతాడు.
ఎడమ చెయ్యి ఇంకా చుట్టపుచూపుగానే ఉంది."

మొక్కై వంగనిది మానై వంగదంటారు.
ఇరవై రెండేళ్లుగా నా జీతం
ఆ ఒక్క మాట మీదే నడుస్తోంది.
పొడుగు పిల్లల ముఖాలు చూడను నేను,
మోకాళ్లు చూస్తాను.
నిటారుగా నిలబడి చేతులెత్తినంత మాత్రాన
సెంటర్ అయిపోడు, దీపస్తంభం అవుతాడు.
నేనూ ఒక స్తంభాన్నే.
క్లైపెదాలో మూడు సీజన్లు వెలిగి
నాలుగో దాంట్లో కూలినవాణ్ణి.
కుడి మోకాట్లో రెండు మరలు
వాన సంగతి రేడియో కంటే ముందే చెబుతాయి.

మూడో క్వార్టర్‌లో రీబౌండ్ కోసం లేచాడు.
గాలిలో ఉండగానే
కిందనించి ఎవడో వచ్చి కాళ్లకి తగిలాడు.
హీటర్ మూల మొత్తం లేచి నిలబడింది.
కళ్లు మూసుకోవలసిందే, మూసుకోలేదు.
అందుకని చూశాను.
అంత పొడుగూ ఒక్కసారిగా పడలేదు.
ముందు తుంటి, ఆ తర్వాత సగం వీపు, భుజం చివర,
మడత మంచం మడిచినట్టు
ఒక్కో కీలూ తన వంతు వచ్చాకే.
బంతి మాత్రం నేల తాకలేదు,
ఛాతీ మీద నిద్రపోతున్న పిల్లలా ఉంది.
తగిలినవాడికి చెయ్యందించి లేపాడు.
ఫ్రీ త్రోలు రెండూ తప్పాడు.

"పడటం ఎవరు నేర్పారు?" అడిగాను మ్యాచ్ అయ్యాక.
ప్రశ్న అర్థం కాలేదు వాడికి.
తర్వాత నవ్వాడు.
నుదుటి మీద ఏ గుమ్మమో గీసిన పాత గాటు
నవ్వుతోపాటు ముడుచుకుంది.
"చలికాలమంతా మా అమ్మమ్మ
సరస్సు మీద మంచుకి కన్నం కొట్టి చేపలు పడుతుంది.
బకెట్లు మోసేది నేను.
చేపలు ఒలికితే తిడుతుంది.
నేను పడితే ఏమీ అనదు."

రాత్రి బస్సులో ఫారం నింపుతున్నాను.
గరిష్ఠంగా ఎంతవాడు కాగలడు?
ఆ గడి ఖాళీగా వదిలేశాను.
కనీసం?
రెండో శ్రేణి లీగ్, నెలకి వేళకందే జీతం,
ముప్పై మూడో ఏట మెడలో ఈల.
మణికట్టు మెత్తన,
ఫ్రీ త్రోలు పదికి ఆరు, ఎనిమిది కావచ్చు.
ఎముకల ఎక్స్‌రే తీయించాలి.
ఇంకా పెరుగుతున్నాడంటే
కోచ్‌కి సంబరం, నాకు గుబులు.

"ఇతర విశేషాలు" అన్న గడి అంగుళం వెడల్పు.
అందులో సరస్సు పట్టదు, బకెట్ కూడా పట్టదు.
రెండే మాటలు రాశాను: పడటం తెలుసు.
ఆఫీసులో కుర్ర గుమాస్తా ఎవరో
నా చేతిరాత పొరపాటనుకుని
ఆడటం తెలుసు అని దిద్దుతాడు.
ఆ తేడా ఫోన్‌లో చెప్పి ఒప్పించడం నా వల్ల కాదు.

ఉతెనాలో బస్సు పది నిమిషాలు ఆగింది.
కాలు చాపుకుందామని దిగాను.
నేలంతా గాజు పోసినట్టుంది.
టీ కొట్టు ఇరవై అడుగుల దూరంలో ఉంది.
బస్సు తలుపు కమ్మీని వదలకుండా
దాన్నే చూస్తూ నిలబడ్డాను.